ఐఫోన్ 17 కొనాలా, గెలాక్సీ ఎస్25 కొనాలా: వారం రోజుల్లో తేల్చుకోవడం ఎలా

పోయిన దసరా ముందు మా చెల్లెలు ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఐఫోన్ 17 తీసుకోనా, శాంసంగ్ ఎస్25 తీసుకోనా? ఒక్క మాటలో చెప్పు" అంది. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఎనభై వేలంటే వాళ్లింట్లో రెండు నెలల ఖర్చు. నాకు నచ్చిన పేరు చెప్పేసి ఊరుకుంటే తర్వాత ఇబ్బంది పడేది తను. అందుకని కొన్ని ప్రశ్నలు అడిగాను, కొన్ని పనులు చేసి చూడమన్నాను. వారం తిరిగేసరికి తనే తేల్చుకుంది. ఆ వరసే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ రెండింట్లో చెడ్డ ఫోన్ లేదు. ఎస్25 2025 జనవరిలో వచ్చింది, 256 జీబీ మోడల్ విడుదల ధర రూ. 80,999. ఐఫోన్ 17 అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది, అదే 256 జీబీకి రూ. 82,900. రెండిటి తెరా 120 హెర్ట్జ్, రెండూ ఐపీ68 (నీరు, దుమ్ము లోపలికి పోకుండా రక్షణ) ఉన్నవే, రెండిటిలోనూ మెమరీ కార్డు పెట్టే వీలు లేదు. వేగం సంగతి చూస్తే, మనం రోజూ చేసే పనులకు ఈ రెండు చిప్‌లూ అవసరానికి మించినవే. తేడా వచ్చేది సిమ్ దగ్గర, రిపేరు దగ్గర, మన అలవాట్ల దగ్గర. వాటి నుంచే మొదలుపెట్టండి.

1. సిమ్‌ల లెక్క చూసుకోండి

ఇప్పుడు రెండు ప్లాస్టిక్ సిమ్‌లు వాడుతున్నారా? అయితే ఈ ఒక్క విషయంతోనే సగం నిర్ణయం తేలిపోవచ్చు. మన దేశంలో అమ్మే ఎస్25లో రెండు నానో సిమ్‌లు పడతాయి, ఈసిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్) కూడా ఉంది. ఇక్కడి ఐఫోన్ 17లో ఒక్క నానో సిమ్‌కే చోటుంది, రెండో నంబరును ఈసిమ్‌గా మార్చుకోవాలి. మార్చుకోవడం పెద్ద పనేం కాదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఇస్తాయి. ఇబ్బంది తెలిసేది ఫోన్ పాడైన రోజున. ప్లాస్టిక్ సిమ్ అయితే తీసి ఇంట్లో ఉన్న ఏదో పాత ఫోన్లో వేసుకుంటాం, బ్యాంకు ఓటీపీ వచ్చేస్తుంది. ఈసిమ్‌ను అలా తీసి వేయలేం. కాబట్టి ఐఫోన్ వైపు మొగ్గితే, బ్యాంకుకు ఇచ్చిన నంబరును ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచి రెండోదాన్ని ఈసిమ్ చేసుకోండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం కొనేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

మనలో చాలామందికి ఇంకో దారి ఉంది కదా, "అమెరికా నుంచి తమ్ముడు తెస్తాడు, అక్కడ చవక" అని. అక్కడ ఐఫోన్ 17 విడుదల ధర 799 డాలర్లు, దాని మీద ఆ రాష్ట్రం పన్ను. తేడా నిజమే. అయితే అమెరికాలో అమ్మే ఐఫోన్ 17కి సిమ్ ట్రే అసలు ఉండదు, అన్నీ ఈసిమ్‌లే. రెండోది, అక్కడ చాలామంది ఫోన్‌ను నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకుంటారు. అలాంటి ఫోన్ ఆ నెట్‌వర్క్‌కే లాక్ అయి ఉంటుంది, ఇక్కడ మన సిమ్ పనిచేయదు. తెచ్చేవాళ్లకు "అన్‌లాక్డ్ ఫోనే కావాలి" అని ముందే చెప్పండి. వారంటీ ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో కూడా కొనకముందే సర్వీస్ సెంటర్లో అడగండి. విమానం దిగాక అడిగి లాభం లేదు.

2. ఫోన్ పగిలితే ఎక్కడికి వెళ్తారో కనుక్కోండి

ఎవరూ చేయని పని ఇది. నేను మాత్రం దీన్నే అన్నిటికంటే ముఖ్యమైనదిగా చూస్తాను. మీ ఊరి నుంచి శాంసంగ్ అధీకృత సర్వీస్ సెంటర్ ఎంత దూరం, యాపిల్ అధీకృత సర్వీస్ సెంటర్ ఎంత దూరం? రెండు కంపెనీల వెబ్‌సైట్లలోనూ పిన్‌కోడ్ కొట్టి చూడవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఉంటే ఈ బాధ పెద్దగా లేదు. చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లకు శాంసంగ్ సెంటరే దగ్గరగా దొరికే అవకాశం ఎక్కువ. యాపిల్ సొంత స్టోర్లు మన దేశంలో కొన్ని పెద్ద నగరాల్లోనే ఉన్నాయి, బెంగళూరులో తెరిచింది కూడా 2025 సెప్టెంబరులోనే.

అడ్రసు దొరికాక ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి. తెర మార్చడానికి ఎంత అవుతుంది? పార్ట్ అక్కడే ఉంటుందా, తెప్పించాలా? తెప్పించాలంటే ఎన్ని రోజులు? ఆ జవాబును తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఒకసారి నా ఫోన్ తెర పగిలినప్పుడు, పార్ట్ లేదని పదకొండు రోజులు ఆపారు. ఆ పదకొండు రోజులూ కరెంటు బిల్లు కట్టడానికి కూడా నా భార్య ఫోన్ మీదే ఆధారపడ్డాను. ఫోన్ లేకపోవడం అంటే ఈ రోజుల్లో పర్సు లేకపోవడమే. అప్పటి నుంచి ఎవరు ఫోన్ గురించి అడిగినా ముందు సర్వీస్ సెంటర్ సంగతే అడుగుతున్నాను.

కంపెనీ డ్యామేజ్ ప్లాన్ ధర కూడా ఇప్పుడే చూసుకోండి. ఒక్కసారి తెర మార్చే ఖర్చు ఆ ప్లాన్ ధరకు ఎన్ని రెట్లో లెక్కేస్తే, తీసుకోవాలో వద్దో తెలిసిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

3. మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

సోమవారం నుంచి ఆదివారం దాకా మీ ఫోన్‌తో చేసిన పనులు రాసుకోండి. పడుకునే ముందు రెండు నిమిషాలు చాలు. మా చెల్లెలు ట్యూషన్ చెబుతుంది. వారం చివర తన కాగితం మీద ఉన్నవి ఇవీ: పిల్లల తల్లిదండ్రులతో కాల్స్, రెండు వాట్సాప్ నంబర్లు, ఫీజుల యూపీఐ, నోట్స్ స్కాన్ చేసి పంపడం, బడి వార్షికోత్సవంలో వేదిక మీద పాప డాన్సు ఫొటోలు. గేమ్స్ లేవు, వీడియో ఎడిటింగ్ లేదు. తను అంతకుముందు చూసిన రివ్యూల్లో సగం వాటి గురించే.

కాగితం చేతిలో ఉంటే రెండు ఫోన్ల తేడా ఇలా చదువుకోవచ్చు.

కాల్ రికార్డింగ్ మీ పనికి అవసరమైతే, మన దేశంలో అమ్మే శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లోనే ఆ వీలుంది, అన్ని కాల్స్‌నూ తనంతట తానే రికార్డు చేసేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 18.1 నుంచి రికార్డింగ్ వచ్చింది కానీ, రికార్డు అవుతోందని ఇద్దరికీ వినిపించేలా ఒక ప్రకటన వస్తుంది. ఏ ఫోన్ అయినా అవతలివాళ్లకు చెప్పి రికార్డు చేయడమే మర్యాద. రెండు వాట్సాప్‌ల కోసం శాంసంగ్‌లో డ్యూయల్ మెసెంజర్ ఉంది. ఐఫోన్‌లో రెండో నంబరును వాట్సాప్ బిజినెస్‌లో పెట్టుకోవచ్చు, పని జరిగిపోతుంది.

ఫొటోల్లో అసలు తేడా దూరం దగ్గర వస్తుంది. ఎస్25లో మూడు రెట్లు దగ్గరికి లాగే ప్రత్యేక లెన్స్ ఉంది. ఐఫోన్ 17లో అది లేదు, 48 మెగాపిక్సెళ్ల మెయిన్ కెమెరా మధ్య భాగాన్ని వాడుకుని రెండు రెట్ల జూమ్ ఇస్తుంది. పెళ్లిలో మూడో వరసలో కూర్చుని జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని తీయాలన్నా, వేదిక మీద పాప ముఖం దొరకాలన్నా శాంసంగ్ లెన్స్ పనికొస్తుంది. దగ్గరి నుంచి తీసేవాళ్ల సంగతి వేరు. ముగ్గు చుక్కలు, నగ మీద పనితనం, ఆకు మీద పురుగు లాంటివి తీయాలంటే ఐఫోన్ అల్ట్రావైడ్ కెమెరా బాగా దగ్గరికి వెళ్తుంది. నగలో చీరలో ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఐఫోన్ 17 సెల్ఫీ కెమెరా కూడా కొత్త రకం. ఫోన్‌ను నిలువుగానే పట్టుకున్నా అడ్డం ఫొటో వస్తుంది, పక్కన ఇంకో నలుగురు చేరితే ఫ్రేమ్ దానంతట అదే వెడల్పవుతుంది. రీల్స్ తీసేవాళ్లయితే ఐఫోన్ వీడియోనే చూడమంటాను. రంగులు ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు నిలకడగా ఉంటాయి.

మీ ఇంట్లో ఎవరి దగ్గర ఏముందో కూడా రాయండి. భార్య దగ్గరో భర్త దగ్గరో ఐఫోన్, మ్యాక్, యాపిల్ వాచ్ ఉంటే ఐఫోన్‌తో జీవితం సులువు. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లు, విండోస్ ల్యాప్‌టాప్ అయితే శాంసంగ్ సులువు. "డాలస్‌లో ఉన్న అబ్బాయితో ఫేస్‌టైమ్ మాట్లాడాలి, అందుకే ఐఫోన్" అని మా పక్కింటి పెద్దాయన అన్నారు. దానికోసమే అయితే అంత డబ్బు అక్కర్లేదు. అబ్బాయి ఫేస్‌టైమ్ లింక్ పంపితే ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది, 2021 నుంచే ఆ వీలుంది. వాట్సాప్ వీడియో ఎలాగూ ఉంది.

4. షాపులో అరగంట నిలబడండి

రెండు ఫోన్లూ డిస్‌ప్లేలో ఉన్న షాపుకు వెళ్లండి. కొనడానికి మాత్రం వద్దు, ఆ రోజు పర్సు ఇంట్లో పెట్టి వెళ్లినా మంచిదే. సేల్స్ కుర్రాడు మర్యాదగా వివరిస్తాడు, వినండి, కానీ ఫోన్ మీ చేతిలోనే ఉండాలి.

మొదట తెలుగు టైప్ చేయండి. తెలుగువాళ్లం ఈ పరీక్ష చేయకుండా ఎనభై వేలు పెట్టడం సరికాదని నా గట్టి నమ్మకం. "స్వాతంత్ర్యం, జ్ఞాపకం, కర్తవ్యం, ఉత్సాహం" అని కొట్టి చూడండి. మీరు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడతారా, తెలుగు అక్షరాల కీబోర్డు వాడతారా, నోటితో చెబుతారా? మీ పద్ధతి రెండిటిలోనూ ఎంత సాఫీగా సాగుతుందో చూడండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు మూసుకుపోయేవి. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఆ తర్వాత చాలా మారింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 18.4 నుంచి మొత్తం ఫోన్‌నే తెలుగులో పెట్టుకోవచ్చు. శాంసంగ్‌లో ఆ వీలు అంతకు ముందు నుంచే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొంటుంటే సెట్టింగ్స్‌ను తెలుగులోకి మార్చి, ఆ తెలుగు వాళ్లకు అర్థమవుతోందా అని చూపించి అడగండి.

తర్వాత ఫోన్‌ను ఒంటి చేత్తో పట్టుకుని బొటనవేలు పై మూలకు తీసుకెళ్లండి. ఎస్25 బరువు 162 గ్రాములు, తెర 6.2 అంగుళాలు. ఐఫోన్ 17 బరువు 177 గ్రాములు, తెర 6.3 అంగుళాలు. కాగితం మీద పదిహేను గ్రాములే. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లకు అది తెలుస్తుంది. వెనక్కి వెళ్లే అలవాటు కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఏ అంచు నుంచి లాగినా వెనక్కి వెళ్తుంది. ఐఫోన్‌లో ఎడమ అంచు నుంచి లాగాలి, కొన్ని యాప్‌లలో పైనున్న బాణం గుర్తు నొక్కాలి. పదేళ్లుగా ఆండ్రాయిడ్ వాడినవాళ్లకు మొదటి వారం చిరాకుగా ఉంటుంది, నెలలో అలవాటవుతుంది.

షాపు బయటికి, ఎండలోకి తీసుకెళ్లనిస్తారేమో అడగండి. ఎండలో ఐఫోన్ 17 తెర వెలుగు 3,000 నిట్స్ దాకా, ఎస్25ది 2,600 దాకా పోతుంది. రెండూ బాగానే కనిపిస్తాయి. అసలు సంగతి వేడి. ఈ ఫోన్లను చుట్టూ ఉన్న వేడి 35 డిగ్రీలు దాటని చోట వాడమని కంపెనీలు చెబుతాయి. మే నెలలో మన రామగుండంలో, రెంటచింతలలో ఎంత ఉంటుందో మీకు తెలుసు. వేడెక్కితే ఏ ఫోన్ అయినా తెర వెలుగు తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది. ఎండలో స్కూటర్ మీద మ్యాప్ పెట్టుకుని తిరిగే ఉద్యోగమైతే ఏ ఫోన్ కొన్నా ఈ ఇబ్బంది తప్పదని తెలిసి కొనండి. నల్ల కేసు, గట్టి రబ్బరు కేసు మాత్రం వేయకండి.

5. డబ్బు లెక్క మొత్తం ఒకచోట వేయండి

ఫోన్ ధర ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. రెండిటి డబ్బాలోనూ కేబుల్ ఉంటుంది, ఛార్జర్ ఉండదు. ఎస్25 అత్యధికంగా 25 వాట్లు తీసుకుంటుంది, ఆ వేగం రావాలంటే ఛార్జర్ మీద పీపీఎస్ అని ఉండాలి. ఐఫోన్ 17కు 40 వాట్లు, అంతకంటే ఎక్కువ ఇచ్చే పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఉంటే 20 నిమిషాల్లో సగం నిండుతుందని యాపిల్ చెబుతోంది. పాత ఫోన్‌తో వచ్చిన 67 వాట్ల ఛార్జర్ ఇంట్లో ఉందిలే అనుకోకండి, వాటిలో చాలావరకు ఆ బ్రాండ్ ఫోన్లకే పూర్తి వేగం ఇస్తాయి. ఛార్జర్, కేసు, గ్లాసు, డ్యామేజ్ ప్లాన్ అన్నీ కలిపి రాయండి. ఫొటోల కోసం నెలనెలా కట్టేది కూడా రాయండి. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ.

ఎన్నేళ్లు వాడతారో నిజాయితీగా రాసుకోండి. ఎస్25కు ఏడేళ్లు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ మాట ఇచ్చింది. యాపిల్ అలా ముందుగా ఏళ్లు చెప్పి అమ్మదు గానీ, 2019లో వచ్చిన ఐఫోన్ 11కు 2025లో ఐఓఎస్ 26 కూడా ఇచ్చింది. కాబట్టి ఆరేడేళ్లు వాడేవాళ్లకు ఇద్దరూ ఒకటే. మూడేళ్లకు అమ్మేసేవాళ్లయితే ఐఫోన్‌కు ఎక్కువ ధర పలుకుతుంది. నా మాట నమ్మనక్కర్లేదు. ఏదైనా ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లో ఐఫోన్ 14, గెలాక్సీ ఎస్22 రెండూ కొట్టి చూడండి. రెండూ 2022లో వచ్చినవే.

దీనికి మరో వైపు కూడా ఉంది. శాంసంగ్ ధర తొందరగా దిగుతుంది, అది కొనేవాడికి లాభం. ఎస్25ను విడుదల ధరకు కొనకండి. పండగ ఆఫర్లు, బ్యాంకు కార్డు తగ్గింపులు చూసుకుంటే బాగా తక్కువకు వస్తుంది. ఐఫోన్ ధర తగ్గేది సాధారణంగా సెప్టెంబరులో కొత్తది వచ్చినప్పుడు. 2024లో రూ. 79,900కు వచ్చిన ఐఫోన్ 16ను, 17 రాగానే రూ. 69,900 చేశారు. ఆగస్టులో కొత్త ఐఫోన్ కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఇంకో నెల ఆగితే పోయేది.

ఈఎంఐ అయితే ఒక జాగ్రత్త. 'నో కాస్ట్' అని రాసి ఉన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. మా బావమరిదికి ఒక షాపులో అడగకుండానే వాయిదాల్లో బీమా కలిపేశారు, మూడో నెలలో గానీ గమనించలేదు. సంతకం పెట్టే ముందు "మొత్తం ఎన్ని నెలలు, ఎంత, అందులో ఫోన్ కాకుండా ఇంకేమున్నాయి" అని అడిగి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోండి.

ఈ అయిదు పనులూ అయ్యాక జవాబు మీ కాగితం మీదే కనిపిస్తుంది. రెండు ప్లాస్టిక్ సిమ్‌లు, కాల్ రికార్డింగ్, దూరపు ఫొటోలు, చిన్న ఊరు అయితే ఎస్25 తీసుకోమంటాను. వీడియో పని, ఇంట్లో యాపిల్ వస్తువులు, మూడేళ్లకు మార్చే అలవాటు ఉంటే ఐఫోన్ 17. మా చెల్లెలు ఎస్25 తీసుకుంది. "ఐఫోన్ అయితే నలుగురిలో గౌరవంగా ఉంటుంది కదే" అని వాళ్ల అత్తగారు అన్నారట. ఆ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. వాయిదా కట్టే నెలలో ఆ నలుగురూ రారు కాబట్టి మీ అవసరాన్నే చూడండి.

6. కొన్న రోజు, మారే రోజు

బిల్లు మీద జీఎస్టీతో పాటు ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు ఒక్కటిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఉండాలి. ఫోన్లో *#06# కొట్టి వచ్చే నంబరు, డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ప్రభుత్వ రికార్డులో ఆ ఫోన్ వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారుతుంటే వాట్సాప్ చాట్‌లు మొదటి సెటప్‌లోనే 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో తెచ్చుకోండి. ముందు ఫోన్ వాడేసి తర్వాత తెచ్చుకుందాం అనుకుంటే ఐఫోన్‌ను మళ్లీ చెరిపేసి మొదలుపెట్టాలి. షాపులో తొందరపడి సెటప్ చేయించుకుని, నాన్నగారి పాత వాయిస్ మెసేజ్‌లు కొత్త ఫోన్లోకి రాక ఏడ్చినవాళ్లను చూశాను. ఇంటికి తెచ్చి, రెండు ఫోన్లూ ఛార్జింగ్‌కు పెట్టి, తీరిగ్గా చేయండి. శాంసంగ్‌కు వచ్చేవాళ్లకు 'స్మార్ట్ స్విచ్' ఉంది, కేబుల్‌తో కలిపితే పని నమ్మకంగా జరుగుతుంది.

సిమ్‌ను ఈసిమ్‌గా మార్చినా, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి. ఓటీపీలు రావు, యూపీఐ యాప్ రిజిస్టర్ కాదు. కొత్త ఫోన్లో యూపీఐ మొదలయ్యాక కూడా మొదటి ఒకటి నుంచి మూడు రోజులు పెద్ద మొత్తాలు పంపనివ్వరు. కాబట్టి ఫీజులు, అద్దె కట్టే రోజున, ప్రయాణం ముందు రోజున ఫోన్ మార్చకండి. జేబులో కొంత నగదు ఉంచుకోండి.

పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్ కుర్రాడికి అదే రోజు ఇవ్వాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. వీలైతే వారం ఉంచుకుని, ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు యాప్‌లు అన్నీ కొత్తదాంట్లో సరిగా ఉన్నాయని చూసుకున్నాక, గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ తీసి, అప్పుడు ఇవ్వండి.